ప్రైవేటుగా కట్టినవాళ్ళు

‘అన్‌స్కూలింగ్’ అనే మాటకి తెలుగులో ఏమనాలా అని కొన్నాళ్ళు వెతికాను. ‘బడి మానెయ్యడం’ అంటే ఇంట్లో డబ్బు లేదనో, పిల్లాడు చెడిపోయాడనో వినిపిస్తుంది. ‘ఇంటి చదువు’ అంటే అమ్మానాన్నలు ఎదురుగా కూచోబెట్టుకుని చెప్పేది. ‘స్వయంకృషి’ సినిమా పేరైపోయింది. అమెరికాలో జాన్ హోల్ట్ 1977లో ‘గ్రోయింగ్ వితవుట్ స్కూలింగ్’ అనే చిన్న పత్రిక మొదలుపెట్టి ఈ మాటని వాడుకలోకి తెచ్చాడు. అంతకు ఆరేళ్ళ ముందే ఇవాన్ ఇల్లిచ్ ‘డీస్కూలింగ్ సొసైటీ’ రాసి, చదువునీ బడినీ ఒకటే అనుకోవడమే అసలు జబ్బు అన్నాడు. 1991లో గ్రేస్ లూయెలిన్ నేరుగా టీనేజర్ల కోసమే ‘ది టీనేజ్ లిబరేషన్ హ్యాండ్‌బుక్’ రాసింది. బడి ఎలా మానెయ్యాలి, మానేశాక ఏం చెయ్యాలి అన్నదే ఆ పుస్తకం. ఇవన్నీ చదివినవాళ్ళు మన నగరాల్లో ఇప్పుడు కాస్త మందే ఉన్నారు. ‘రైలుబడి’ చదివి పెరిగిన తరం తల్లిదండ్రులైంది కదా.

తెలుగులో ఆ మాట లేకపోయినా, దానికి దగ్గరగా వచ్చే ఒక క్రియ మాత్రం ఉంది: కట్టడం. ‘మెట్రిక్‌కి కట్టింది’, ‘ప్రైవేటుగా కట్టి పాసయ్యాడు’, ‘విద్వాన్‌కి కట్టాడు’ అనేవాళ్ళు పాతవాళ్ళు. కట్టేది పరీక్ష ఫీజు. బడికి వెళ్ళకుండా, తనంతట తాను చదువుకుని, ఏ ఊళ్ళోనో ఉన్న పరీక్షా కేంద్రానికి రైలెక్కి వెళ్ళి రాసి రావడం. ఈ ఒక్క క్రియాపదం వెనక చాలా చరిత్ర ఉంది. అది మనం గుర్తుపెట్టుకున్న చరిత్ర కాదు. జీవితచరిత్రల్లో ఒక వాక్యంగా వచ్చి వెళ్ళిపోతుంది: ‘అటు తరువాత ప్రైవేటుగా మెట్రిక్ పూర్తిచేసి...’ ఆ వాక్యం దగ్గర ఆగుదామని ఈ వ్యాసం.

ఆగడానికి అందరికంటే మంచి మనిషి దుర్గాబాయి. ‘దేశ్‌ముఖ్’ అనేది 1953లో చింతామన్ దేశ్‌ముఖ్‌ని పెళ్ళి చేసుకున్నాక వచ్చిన పేరు. 1909లో రాజమండ్రిలో పుట్టి, కాకినాడలో పెరిగిన పిల్ల. పన్నెండేళ్ళప్పుడు బడి మానేసింది. తల్లిదండ్రులు మానిపించలేదు, తనే మానేసింది. చదువంతా ఇంగ్లీషులో చెప్పడం తనకి ఇష్టం లేదంది.

పన్నెండేళ్ళ పిల్లకి అంత సిద్ధాంతం ఎక్కడిదని అనిపిస్తుంది. కానీ అది 1921. అంతకు ముందు సెప్టెంబరులో కలకత్తా ప్రత్యేక కాంగ్రెస్ సర్కారు బడులనీ కాలేజీలనీ వదిలెయ్యమని పిలుపు ఇచ్చింది. డిసెంబరులో నాగపూర్ ఆ మాట మళ్ళీ ఖాయం చేసింది. మార్చి ఆఖరున బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం. అది ముగిశాక గాంధీ కాకినాడ వచ్చాడు. అంటే దేశంలో ఎన్నో ఊళ్ళలో పదహారేళ్ళవాళ్ళూ పద్ధెనిమిదేళ్ళవాళ్ళూ క్లాసులోంచి లేచి బయటికి నడిచిన ఏడాది అది. సహాయ నిరాకరణని మనం ఖద్దరు, కల్లు, పన్ను, జైలు అని చదువుకున్నాం. టీనేజర్లు పెద్ద ఎత్తున ఒకేసారి బడి మానేసిన ఘట్టంగా దాన్ని ఎవరూ మనకి చెప్పలేదు. చెప్పేది బడే కదా, ఎందుకు చెబుతుంది!

గాంధీ కాకినాడ వచ్చినప్పటి కథ అందరూ చెప్పుకునేదే. ఊళ్ళో దేవదాసీలు గాంధీని కలవాలి, ఆయన మాట వాళ్ళు వినాలి అని ఈ పిల్లకి పట్టుదల. నిర్వాహకులు సగం వేళాకోళంగా, అయిదు వేల రూపాయలు పోగు చేసి తెస్తే ఆయన సమయంలో కాస్త ఇప్పిస్తామన్నారట. ఆ డబ్బు ఆ స్త్రీలే ఇచ్చారు. తర్వాత సభలో గాంధీ హిందీ ప్రసంగాన్ని కొండా వెంకటప్పయ్య బదులు ఈ పిల్ల చేతే తెనిగింపజేశారు. కథలో ఎంత మెరుగులు దిద్దుకుందో గానీ, నాకు ఆసక్తి కలిగించే సంగతి వేరే: ఆ హిందీ బడిలో రాలేదు. ఆ హిందీతోనే తర్వాత తోటి ఆడపిల్లల కోసం బాలికా హిందీ పాఠశాల పెట్టింది. బడి మానేసిన పిల్ల ముందు చేసిన పని ఇంకో బడి పెట్టడం! ఇల్లిచ్ ఉంటే నొసలు చిట్లించేవాడేమో.

1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్. ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర పద్నాలుగేళ్ళ వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూని ఆపేసింది. టికెట్ కొన్నాకే లోపలికి పంపింది. మన పాఠ్యపుస్తకాల్లో దీన్ని క్రమశిక్షణకి ఉదాహరణగా చెబుతారు. నాకైతే ఒక పద్నాలుగేళ్ళ మనిషికి నిజమైన పని, నిజమైన బాధ్యత అప్పగించినందువల్ల ఏం జరుగుతుందో అది చూపిస్తుంది. పదో తరగతి ప్రాజెక్టు వర్కుకి థర్మోకోల్ కొనుక్కొచ్చిన మనకి ఆ అనుభవం లేదు.

ఇంకొకటి. ఆవిడకి ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. పదిహేనేళ్ళ వయసులో కాపురానికి వెళ్ళనని చెప్పేసింది. తండ్రీ సోదరుడూ ఆవిడ వైపు నిలబడ్డారు. తన చదువు తను నిర్ణయించుకున్న పిల్లే తన పెళ్ళి సంగతీ నిర్ణయించుకుంది. ఈ రెండింటినీ నేను విడదీసి చూడలేను. 1920ల్లో ఒక ఆడపిల్ల బడి మానెయ్యడమంటే మామూలుగా పెళ్ళికి దారి. ఈవిడ విషయంలో అది తిరగబడింది.

ఇక్కడితో ఆపేస్తే చక్కటి అన్‌స్కూలింగ్ కథ. హోల్ట్ పత్రికకి పంపదగ్గది. కానీ కథ ఇక్కడితో అయిపోలేదు.

1930 ఉప్పు సత్యాగ్రహం నుంచి 1933 దాకా ఆవిడ మూడుసార్లు జైలుకి వెళ్ళింది. వెల్లూరు జైల్లో సాధారణ ఖైదీలైన ఆడవాళ్ళతో మాట్లాడింది. తాము ఏ నేరానికి లోపల ఉన్నారో, కోర్టులో తమ గురించి ఏం రాసుకున్నారో కూడా తెలియనివాళ్ళు వాళ్ళు. మధుర జైల్లో ఏకాంత ఖైదు. బయటికొచ్చేసరికి ఇరవై నాలుగేళ్ళు. అప్పటికి ఆవిడకి సభలు నడపడం తెలుసు, మూడు భాషల మధ్య తిరగడం తెలుసు, జనాన్ని కూడగట్టడం తెలుసు. కానీ ఆ ఖైదీల తరఫున కోర్టులో నిలబడాలంటే లా చదవాలి. లా చదవాలంటే డిగ్రీ, డిగ్రీకి ఇంటర్మీడియట్, దానికి మెట్రిక్. పన్నెండేళ్ళప్పుడు వద్దని వదిలేసిన ఇంగ్లీషే ఇప్పుడు మొదటి మెట్టు. తోటివాళ్ళు ఉద్యోగాల్లో స్థిరపడుతున్న వయసులో మెట్రిక్ పుస్తకాలు ముందేసుకుని కూచుంది.

ఆవిడ కట్టిన పరీక్ష మద్రాసుది కాదు, బెనారస్‌ది. మదన్ మోహన్ మాలవీయ 1916లో స్థాపించిన బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం నడిపే మెట్రిక్యులేషన్ పరీక్ష. తెలుగు ఆడవాళ్ళ పాత స్వీయచరిత్రల్లో ‘బెనారస్ మెట్రిక్’ అనే మాట తగులుతూనే ఉంటుంది. చిన్నప్పుడు నాకదేదో కాశీకి వెళ్ళి చదివే చదువేమో అనిపించేది. మన ప్రాంతంలో అప్పటి పరీక్ష ఎస్.ఎస్.ఎల్.సి., అంటే బడి వదిలి వెళుతున్నట్టు ఇచ్చే సర్టిఫికెట్. పేరులోనే మెలిక ఉంది. బడి వదలాలంటే ముందు బడిలో ఉండాలి. రజస్వల కాగానే మానిపించిన పిల్లలు, బాల వితంతువులు, కాపురంలో ఉన్నవాళ్ళు, జైలు నుంచి వచ్చినవాళ్ళు ఎక్కడి బడిని వదులుతారు? బెనారస్ వాళ్ళని ఆ ప్రశ్న అడగలేదు. ప్రైవేటుగా చదువుకుని వచ్చిన ఆడవాళ్ళని పరీక్ష రాయనిచ్చింది. వందల మైళ్ళ అవతల ఉన్న విశ్వవిద్యాలయం నియమాల్లోని ఒక చిన్న వెసులుబాటు వల్ల ఎన్ని తెలుగు ఇళ్ళలో మధ్యాహ్నం పూట ఆల్జీబ్రా మొదలైందో!

దుర్గాబాయి ఆ తలుపులోంచి లోపలికి వెళ్ళింది. తర్వాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రాజనీతి శాస్త్రం చదివింది. 1942లో మద్రాసులో లా పట్టా తీసుకుంది. నాలుగేళ్ళ తర్వాత రాజ్యాంగ సభలో సభ్యురాలు.

అంతకంటే నాకు ముఖ్యమైంది 1937లో జరిగింది. మద్రాసు మైలాపూర్‌లో ఆవిడ ఇరుగుపొరుగు పిల్లల్ని పోగేసి ఒక చిన్న బృందం నడిపింది. ‘లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్’ అని పేరు. దాంతోపాటు చదువు ఆగిపోయిన తెలుగు అమ్మాయిల్ని బెనారస్ మెట్రిక్‌కి తయారు చెయ్యడం మొదలుపెట్టింది. ఈ ఇంటి ట్యూషన్ లాంటి వ్యవహారమే ఆంధ్ర మహిళా సభ అయింది. హైదరాబాదులో విద్యానగర్ వైపు వెళ్ళేవాళ్ళకి ఆ పేరు ఇప్పుడు ఆసుపత్రిగానూ కాలేజీగానూ తెలుసు. దాని విత్తనం ఒక ప్రైవేటు పరీక్ష.

సరే, దుర్గాబాయి మానేసింది కాబట్టి ‘మానెయ్యడం’ అనే మాట వాడగలం. అసలు బడి మొహమే చూడనివాళ్ళ సంగతి? భండారు అచ్చమాంబ 1874లో పుట్టింది. పదేళ్ళకి పెళ్ళి. మధ్య పరగణాల్లో భర్త ఇంట్లో ఉండగా, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు అక్కడే ఉండి చదువుకునేవాడు. తమ్ముడి పక్కన కూచుని ఆవిడ తెలుగు, హిందీ, మరాఠీ నేర్చుకుంది. తర్వాత ఇంకొన్ని భాషలు. 1902లో ‘ధన త్రయోదశి’ కథ రాసింది. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ కోసం ఎంతోమంది స్త్రీల జీవితాలు సేకరించింది. 1905లో ముప్ఫయ్యేళ్ళకే చనిపోయింది. ఆవిడ ఏ పరీక్షకీ కట్టలేదు. ఆవిడ విశ్వవిద్యాలయం మొత్తం ఒక తమ్ముడు. ఆ తమ్ముడే ఆవిడ చనిపోయిన మరుసటి ఏడు, 1906లో, హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి మొదలుపెట్టాడు. చరిత్ర, సైన్సు, జీవితచరిత్రలు మామూలు తెలుగులో, బడిలో లేనివాళ్ళు కూడా చదివేలా. పక్కన కూచుని చదువుకున్న అక్క ఆయన మనసులో ఉందా అంటే నేను ఊహించగలను గానీ రుజువు చెయ్యలేను.

గుఱ్ఱం జాషువా కథలో ఇంకో ముడి ఉంది. 1895లో వినుకొండలో పుట్టాడు. ఆయన సంస్కృతం కోసం వెళ్ళింది బడికి కాదు, జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గరికి. మేఘదూతం, రఘువంశం, కుమారసంభవం అక్కడ చదువుకున్నాడు. మూకీ సినిమాలకి తెర పక్కన నిలబడి కథ చెప్పే పని చేశాడు. బడిపంతులుగా పనిచేశాడు. ఉభయభాషా ప్రవీణ పరీక్ష ప్యాసయ్యాడు. ఇది స్వయంశిక్షణే, కానీ ‘స్వయం’ అనే మాట ఇక్కడ గొంతులో అడ్డం పడుతుంది. బ్రాహ్మణ ఇంటి పిల్లలకి ఊరికే దొరికే సంస్కృతాన్ని ఈయన వెతుక్కుంటూ వెళ్ళి అడిగి తెచ్చుకోవాలి. నేర్చుకున్నాక కూడా అది నీకెందుకనే లోకం ఎదుట నిలబడాలి. అదే రోజుల్లో హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ ఆదిహిందూ పిల్లల కోసం ఒకటి తర్వాత ఒకటిగా బడులు పెడుతున్నాడు. కొందరు పిల్లలు సర్కారు బడి వద్దని బయటికి నడుస్తుంటే, ఇంకొందరికి ఏదో ఒక బడి గడప ఎక్కడమే పెద్ద పోరాటం. అన్‌స్కూలింగ్ గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది ఈ రెండో సగాన్ని చూడరు. బడి ఒక జైలు అనడానికి, ముందు ఆ తలుపు మనకోసం తెరుచుకుని ఉండాలి.

బడి బయటి చదువుకి చోటు కూడా కావాలి కదా. ఆ చోటు గ్రంథాలయం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టారు. 1914లో బెజవాడలో మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. 1935లో పాతూరి నాగభూషణం వాళ్ళు కృష్ణా కాలువ మీద పెదవడ్లపూడి నుంచి పెదపులివర్రు దాకా పుస్తకాల పడవ నడిపారు. నాకు వీటన్నిటిలోకీ ఇష్టమైంది ఆ పడవే. పరీక్ష లేదు, హాజరు లేదు, వయసు అడగరు. పడవ రేవుకి వచ్చినప్పుడు పుస్తకం తీసుకోవడం, మళ్ళీ వచ్చినప్పుడు ఇచ్చెయ్యడం. అన్‌స్కూలింగ్ వాళ్ళు కలలు కనే ఏర్పాటు ఇదే, కాకపోతే మనవాళ్ళు దానికి పేరు పెట్టలేదు.

నిజాం రాజ్యంలో వ్యవహారం మరోలా సాగింది. అక్కడ పై చదువు ఉర్దూలో. 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూ మాధ్యమంలోనే. భారతీయ భాషలో విశ్వవిద్యాలయం అనేది గొప్ప సంగతే, కానీ తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లకి అది ఇంకో పరాయి భాష. తెలుగు నేర్చుకోవాలంటే బడి అయిపోయాక నేర్చుకోవాలి. 1943లో పుట్టిన ఆంధ్ర సారస్వత పరిషత్తు దీనికి ఒక దారి చూపింది. ప్రాథమిక, ప్రవేశ, విశారద అని మెట్లు మెట్లుగా తెలుగు పరీక్షలు పెట్టింది. తెలంగాణ పల్లెల్లో కుర్రాళ్ళు లాంతరు వెలుగులో తమ సొంత భాషని ‘ప్రైవేటుగా’ చదివి పరీక్ష రాశారు. మాతృభాషకి ప్రైవేటుగా కట్టాల్సి రావడం ఎంత విడ్డూరం! అటు దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు కూడా ఇదే పద్ధతి. మా ఇంట్లో ఒక పెద్దమ్మ పదో తరగతి దాటలేదు గానీ హిందీ పరీక్షలన్నీ రాసింది. సర్టిఫికెట్లు ఫ్రేము కట్టించి దేవుడి గదిలో పెట్టుకుంది. దాని వల్ల ఉద్యోగమేమీ రాలేదు. కానీ పటాల మధ్య ఆ కాగితాల్ని చూసినప్పుడల్లా మా ఇంట్లో డిగ్రీలున్న మగవాళ్ళ ఫ్రేములు ఎక్కడా లేవని గుర్తొచ్చేది.

స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వమే ఈ తలుపుని తన చేతుల్లోకి తీసుకుంది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి వచ్చింది. దాని మొదటి అధ్యక్షురాలు దుర్గాబాయే. 1958లో ఆ మండలి, మధ్యలో చదువు ఆగిపోయిన వయోజన స్త్రీల కోసం ‘కండెన్స్‌డ్ కోర్సులు’ మొదలుపెట్టింది. బడిలో ఏళ్ళ తరబడి సాగే చదువుని కొద్ది కాలంలో పూర్తి చేయించడం. అంటే మైలాపూర్ ఇంట్లో జరిగింది దేశమంతటా. 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది, దేశంలో అదే మొదటిది. ఇంటర్మీడియట్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరొచ్చంది. 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్, 1991లో మన రాష్ట్ర ఓపెన్ స్కూల్. నిర్బంధ విద్యా హక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ దాకానే మాట్లాడుతుంది. అంటే కాగితం మీద చూస్తే పదిహేనేళ్ళ పిల్లకి ఇవాళ ఉన్నన్ని దారులు దుర్గాబాయికి కలలో కూడా లేవు.

కానీ వాటిని మనం ఎలా చూస్తాం? ‘ఓపెన్‌లో రాశాడట’ అనే మాట ఏ గొంతుతో అంటారో మీకు తెలుసు. ప్రైవేటుగా కట్టడం ఒకప్పుడు పట్టుదలకి గుర్తు. ఇప్పుడు ఓపెన్ అంటే ఫెయిలైనవాళ్ళ వెనక గుమ్మం. ఈ మార్పు ఎప్పుడొచ్చిందని ఆలోచిస్తే, నాకు తోచేది ఇది: మిగతా అందరూ బడిలోకి వచ్చేశాక బడి బయట ఉండటానికి మర్యాద పోయింది. దానికితోడు 1980ల తర్వాత ఇంటర్మీడియట్ అనేది చదువు కాకుండా ఒక ఎంట్రన్స్ పరిశ్రమ అయింది. నేను అలాంటి ఒక రెసిడెన్షియల్ కాలేజీలోనే రెండేళ్ళున్నాను. పొద్దున్న అయిదింటికి స్టడీ అవర్, రాత్రి పదిన్నరకి లైట్లు. ఆ రెండేళ్ళలో పాఠ్యపుస్తకం కాని పుస్తకం ఒక్కటే చదివాను. అది కూడా పరుపు కింద దాచుకుని. ఆ పిల్లల్లో ఎవరైనా ‘నేను మానేస్తాను’ అంటే ఆ మాటకి అప్పుడు ఒకటే అర్థం ఉండేది. హాస్టల్ వార్డెన్లు దాన్నే భయపడేవాళ్ళు.

పోయిన వేసవిలో మా అన్నయ్య కూతురు, పదహారేళ్ళది, ఇంటర్ మొదటి ఏడు మధ్యలో ఇక వెళ్ళనంది. ఏడ్చి గోల చెయ్యలేదు. ‘బాబాయ్, నేను ఓపెన్‌లో కడతాను. మిగతా టైములో నాకు కావలసింది చదువుకుంటాను’ అంది. కావలసినవేంటంటే పక్షులు, పైథాన్, ఇంకా పాత తెలుగు శాసనాల లిపి. ‘కడతాను’ అనే మాట ఆ అమ్మాయికి ఎక్కడ తగిలిందో తెలీదు. మా అన్నయ్య నా మీద విరుచుకుపడ్డాడు, నీ పుస్తకాల వల్లే అని. వదిన మాత్రం ఒకే ప్రశ్న వేసింది: ‘రేపు దానికి మనసు మారితే?’

ఈ ప్రశ్నని హోల్ట్, ఇల్లిచ్ ఇద్దరూ తేలిగ్గా తీసుకున్నారని నా అభిప్రాయం. బయటికి దారి గురించి వాళ్ళు రాసినంత బాగా ఇంకెవరూ రాయలేదు. లోపలికి మళ్ళీ దారి గురించి వాళ్ళకి బెంగ లేదు. దుర్గాబాయి జీవితంలో కీలకమైన మలుపు పన్నెండేళ్ళప్పటిది కాదు, ఇరవై నాలుగేళ్ళప్పటిది. ఆ రోజు ఒక దూరపు విశ్వవిద్యాలయం ‘ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు?’ అని అడిగి ఉంటే, ఆవిడ పేరు మనకి ఒక వాలంటీరు కథలో మాత్రమే మిగిలేది. ఇది వదినకి చెప్పాను. బెనారస్ మెట్రిక్ సంగతి విన్నాక ఆవిడ, ‘అయితే దానికిప్పుడు అలాంటిది ఉందా లేదా, అది చెప్పు’ అంది. ఓపెన్ స్కూల్ సర్టిఫికెట్‌తో ఏయే కోర్సుల్లో చేరవచ్చో ఇద్దరం కూచుని రాసుకున్నాం. రెండు పేజీలు వచ్చింది. మా అన్నయ్య ఆ కాగితం చదివాడు గానీ ఏమీ అనలేదు.

దుర్గాబాయి గురించి ఇంకో సంగతి చెప్పాలి. 1958లో కేంద్ర ప్రభుత్వం స్త్రీ విద్య మీద జాతీయ సంఘం వేసినప్పుడు అధ్యక్షత ఆవిడకే ఇచ్చింది. మరుసటి ఏడు నివేదిక వచ్చింది. బడి వద్దని లేచి వచ్చిన మనిషి, ఆడపిల్లల్ని బడికి రప్పించడం దేశం ముందున్న పెద్ద పనుల్లో ఒకటి అని ఆ నివేదికలో రాయించింది. దీన్ని వైరుధ్యమని కొందరు అనవచ్చు. ఆవిడ పన్నెండేళ్ళప్పుడు బడిలోంచి లేచి వచ్చిన ఏడాది, ఆవిడ పక్కింటి వీధుల్లో ఆ వయసు ఆడపిల్లల్లో చాలామందికి లేచి రావడానికి బడే లేదు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. హిందీ పాఠశాలలో ఆవిడ ఎదురుగా పలక పట్టుకుని కూచున్నది వాళ్ళే.